ఇంట్లోనే సైకిలు బీ.బీ. బిగించుకొనడం — మేము ఆలస్యంగా నేర్చుకొన్న పాఠం

ఈ వ్యాసం వ్రాయడానికి మీకున్న అర్హత ఏమిటని పాఠకులు అడుగవచ్చు. మేము ఇంజనీరులము కాము, సైకిలు మిస్త్రీలమూ కాము. మెట్రిక్కు చదివి, ఇరవై యేళ్ళుగా ఆఫీసులో ఫైళ్ళు సర్దుకొంటున్న గుమాస్తాలము. మా అర్హత ఒక్కటే. ఈ పనిని మొదట పూర్తిగా తప్పు చేశాము. దాని ఫలితం కళ్ళారా చూచాము. తరువాత ఒప్పుగా నేర్చుకొన్నాము. మనవారి ఇళ్ళలో ఇంకా సైకిళ్ళున్నాయి, పిల్లలు వాటి మీద బడులకు, కాలేజీలకు వెళ్తున్నారు. మేము చేసిన తప్పు మరొకరు చేయకుండా ఉండాలని వ్రాస్తున్నాము.

మా బరంపురంలో మా నాన్నగారు 1978లో ఒక నల్ల రోడ్‌స్టరు సైకిలు కొన్నారు. రాడ్ బ్రేకులు, తోలు సీటు, వెనుక క్యారియరు. ఆ క్యారియరు మీద కూర్చునే మేము బడికి వెళ్ళాము. సెలవు రోజుల్లో ఆయన గోపాలపురం సముద్రం వరకు తొక్కి, మళ్ళీ తొక్కుకొంటూ వచ్చేవారు. 2016లో ఆయన పోయిన తరువాత ఆ సైకిలు వసారాలో గోడకు ఆనించి ఉండిపోయింది. 2023లో మా పెద్దమ్మాయి కాలేజీలో చేరి, "ఆటోకి రోజూ డబ్బులెందుకు నాన్నా, తాతయ్య సైకిలు బాగు చేయిస్తే నేను తొక్కుతాను" అన్నది. మాకు సంతోషమైంది. కాని "చేయిస్తే" అన్న మాట నచ్చలేదు. చేతులుండగా చేయించడమెందుకని, ఒక ఆదివారం ఉదయం సుత్తి, పానా పట్టుకొని వసారాలో కూర్చున్నాము.

ముందుగా బీ.బీ. అంటే ఏమిటో చెప్పాలి. పెడళ్ళు రెండూ క్రాంకులకు ఉంటాయి. క్రాంకులు రెండూ ఒక అడ్డ ఇరుసుకు ఉంటాయి. ఆ ఇరుసు ఫ్రేములో అడుగున ఉన్న పొట్టి గొట్టంలో తిరుగుతుంది. ఆ గొట్టం, ఇరుసు, దానికి ఇరుప్రక్కల మరలతో బిగించే రెండు కప్పులు, కప్పుల్లో తిరిగే గోళీలు, ఇవన్నీ కలిపి బాటమ్ బ్రాకెట్టు. షాపుల్లో బీ.బీ. అంటే చాలు. మనిషి బరువంతా మార్చి మార్చి దీని మీదనే పడుతుంది. వానకాలంలో నీరు, బురద, సీటు గొట్టంలోనుంచి దిగే తుప్పు కూడ చివరకు ఇక్కడికే చేరుతాయి. మాది సముద్రపు గాలి తగిలే ఊరు గనుక తుప్పు సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మేము చేసిన మూడు తప్పులు

మొదటి తప్పు కుడి కప్పు దగ్గర. మర ఏదైనా ఎడమకు త్రిప్పితే వదులవుతుందని చిన్ననాటి నుంచి తెలుసు గదా! ఆ లెక్కన త్రిప్పాము. రాలేదు. పానాకు ఇనుప గొట్టం తొడిగి ఇంకా బలంగా త్రిప్పాము. రాలేదు సరిగదా, కప్పు అంచులు అరిగిపోయి పానా జారి మా వేలి కణుపు చిట్లింది. మా ఆవిడ పసుపు తెచ్చి వేస్తూ, "ఏమండీ, అది రానంటుంటే మీరెందుకు బలవంతం చేస్తారు?" అన్నది. తాము పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్లు మేము వినలేదు. కుడి ప్రక్క కప్పుకు ఉల్టా మర ఉంటుందని, మేము విప్పుతున్నామనుకొంటూ బిగిస్తున్నామని అప్పటికి మాకు తెలియదు.

రెండవ తప్పు గోళీలది. ఎడమ కప్పు విప్పగానే గోళీలు బొలబొలా రాలి వసారా అంతా దొర్లాయి. ఏరి చూస్తే ఇరవై ఒకటి. ఇరవై రెండు ఉండాలో, ఇరవై ఒకటి ఉండాలో తెలియక ఒక ప్రక్క పది, మరొక ప్రక్క పదకొండు వేసి మూసివేశాము. పాత గోళీలనే వేశాము.

మూడవ తప్పు అన్నిటికంటె పెద్దది. క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచేది కాటరు పిన్ను. విప్పేటప్పుడు దాని మరలు నలిగాయి. కొత్తది తేకుండా, ఉన్నదానినే రెండు దెబ్బలు వేసి, నట్టును బలంగా బిగించి, అయిపోయిందనుకొన్నాము. మిస్త్రీకి ఇవ్వవలసిన డబ్బులు మిగిలాయని ఆ సాయంకాలం ఇంటికి మిఠాయి కూడ తెచ్చాము.

నాలుగు రోజులకే అమ్మాయి, "నాన్నా, తొక్కుతుంటే టక్కు టక్కుమంటోంది" అన్నది. పాత సైకిలు అలాగే అంటుందన్నాము. మళ్ళీ చెప్పింది. చైను కవరు తగులుతోందేమో అన్నాము. మూడవసారి చెప్పినప్పుడు పేపరులోనుంచి తల ఎత్తలేదు. తరువాతి వారం మలుపు దగ్గర ఆమె లేచి పెడలు మీద బరువు వేయగానే పిన్ను తెగి, క్రాంకు ఖాళీగా తిరిగి, అమ్మాయి రోడ్డు మీద పడింది. వెనుక వస్తున్న ఆటో అతను సమయానికి బ్రేకు వేశాడు. మోకాలికి నాలుగు కుట్లు పడ్డాయి. అంతటితో పోయింది. ఆస్పత్రి బల్ల మీద కూర్చుని ఆమె మమ్మల్ని ఏమీ అనలేదు. మూడుసార్లు చెప్పాను గదా అని కూడ అనలేదు. అననందుకే మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మిస్త్రీ చెప్పిన సంగతి

మర్నాడు సైకిలు నడిపించుకొంటూ మా వీధి చివర ఉన్న మిస్త్రీ గారి దగ్గరకు వెళ్ళాము. ఆయన ఒరియా వారు, డెబ్బై దాటిన మనిషి. మా నాన్నగారి రోజులనుంచి ఈ సైకిలు ఎరుగుదురు. కుడి కప్పు చూచి, "దీనిని ఎవరు కొట్టారు బాబూ?" అన్నారు. మేమే అన్నాము. ఆయన నవ్వలేదు. స్టూలు చూపించి, "కూర్చోండి. చేస్తుంటే చూడండి. తరువాత విప్పేసి మీ చేత చేయిస్తాను" అన్నారు. అలాగే రెండుసార్లు చేయించారు. ఇక్కడనుంచి వ్రాసేది ఆయన దగ్గర నేర్చుకొన్న పని.

ఉల్టా మర ఎందుకని అడిగాము. దానికి ఇంట్లోనే చేసి చూడగల పరీక్ష ఒకటి ఉన్నది. ఒక గాజును బల్ల మీద కదలకుండా పట్టుకొని, లోపల ఒక పెన్సిలును నిలువుగా ఉంచి, గాజు లోపలి అంచును ఆనుకొని జారకుండా దొర్లించండి. పెన్సిలు ఎటు చుట్టివస్తే దానికి ఎదురు దిక్కుగా తన చుట్టూ తాను తిరుగుతుంది. గొట్టంలో కప్పు ఎంత బిగువుగా ఉన్నా వెంట్రుకవాసి సందు ఉంటుంది. తొక్కుడు బరువు కప్పు చుట్టూ తిరుగుతూ, ఇదే విధంగా దానిని తొక్కే దిక్కుకు ఎదురుగా కొద్ది కొద్దిగా జరపాలని చూస్తుంది. కుడి ప్రక్కనుంచి చూస్తే ఇరుసు గడియారపు ముల్లు వైపు తిరుగుతుంది గనుక కప్పు దానికి ఎదురుగా జరుగుతుంది. ఆ జరగడం విప్పడం కాక బిగింపు కావాలంటే కుడి ప్రక్క ఉల్టా మర ఉండాలి. ఎడమ పెడలుకు ఉల్టా మర ఉండడం కూడ ఇందుకే. ఇటలీ పద్ధతి సైకిళ్ళలో మాత్రం రెండు ప్రక్కలా మామూలు మరే ఉంటుంది. అందుచేత వాటి కుడి కప్పును చాలా గట్టిగా బిగించవలసి ఉంటుంది.

అన్నిటికంటె ముఖ్యంగా మిస్త్రీ గారు చెప్పినది ఇది. మామూలు రోడ్‌స్టరులో కుడి కప్పును విప్పవలసిన అవసరమే సాధారణంగా రాదు. దానిని అక్కడే ఉంచి తుడుచుకోవచ్చు. గోటితో పోయేదానికి మేము గొడ్డలి ఎత్తామన్నమాట.

విప్పడానికి ముందు

చప్పుడు వచ్చినంత మాత్రాన తప్పు బీ.బీ.లోనే ఉన్నదనుకోరాదు. పెడలును కాక, క్రాంకు చివరనే పట్టుకొని ప్రక్కకు, అనగా ఫ్రేము వైపుకు, బయటికి ఊపి చూడండి. రెండు క్రాంకులూ కలిసి ఊగితే కప్పు వదులుగా ఉన్నది. ఒక్క క్రాంకే ఊగితే దాని కాటరు పిన్ను వదులైనది. క్రాంకు కదలక పెడలు మాత్రమే ఊగితే తప్పు పెడలులో ఉన్నది. ఈ పరీక్షకు అర నిమిషం పట్టదు. అమ్మాయి మొదటిసారి చెప్పిన నాడే మేము ఇది చేసి ఉంటే ఎడమ క్రాంకు ఒక్కటే ఊగేది.

కావలసిన సామాను: కాస్త బరువైన సుత్తి, కాటరు నట్టుకు సరిపడే పానా, ఎడమ కప్పు మీది లాక్ రింగుకు కొక్కెపు పానా, కిరసనాయిలు, గ్రీజు, పాత గుడ్డలు, అంచులున్న పళ్ళెం, ఒక పొట్టి ఇనుప గొట్టం ముక్క. కొత్త గోళీలు పావు అంగుళం సైజువి ఇరవై రెండు, కొత్త కాటరు పిన్నులు రెండు తెచ్చుకోవాలి. విప్పే ప్రతి దశలోను సెల్‌ఫోనుతో ఒక ఫోటో తీసుకొనండి. మా మిస్త్రీ గారికి అక్కరలేదు గాని మనకు అక్కర.

విప్పడం

చైను కవరు తీసి, ముందు కాటరు పిన్ను పని చూడాలి. నట్టును పూర్తిగా తీయరాదు. పిన్ను కొసతో సమంగా వచ్చేంత వరకు వదులు చేసి ఉంచితే, సుత్తి దెబ్బకు మరలు నలగవు. క్రాంకు క్రింద, పిన్ను తల వచ్చే చోట ఆ గొట్టం ముక్కను నేల మీద ఆనించి నిలబెట్టాలి. పిన్ను తల గొట్టం బొందలోకి దిగాలి, క్రాంకు గొట్టం అంచు మీద కూర్చోవాలి. ఎత్తు చాలకపోతే క్రింద చెక్క పెట్టవచ్చు. ఈ ఆనింపు లేకుండా కొడితే ప్రతి దెబ్బా ఇరుసు ద్వారా గోళీలకు, కప్పులకు తగిలి అక్కడ గుంటలు పడతాయి. ఆనింపు ఉంటే చిన్న దెబ్బలు పది అక్కరలేదు, సూటిగా ఒక గట్టి దెబ్బ చాలు. తీసిన పిన్ను మళ్ళీ వేయరాదు.

రెండు క్రాంకులూ తీసిన తరువాత, ఎడమ ప్రక్క లాక్ రింగును గడియారపు ముల్లుకు ఎదురుగా త్రిప్పి తీయాలి. ఇది మామూలు మరే. తరువాత క్రింద పళ్ళెం ఉంచి ఎడమ కప్పును అదే దిక్కుకు త్రిప్పి తీస్తే గోళీలు పళ్ళెంలోనే రాలుతాయి. ఇరుసును ఎడమ ప్రక్కనుంచే బయటికి లాగాలి. దాని రెండు కొసలూ సాధారణంగా సమానంగా ఉండవు. పొడుగు కొస చెయిన్‌వీలు వైపుది. అది గుర్తు పెట్టుకోవాలి.

కడిగి చూడడం

ఇరుసు, ఎడమ కప్పు కిరసనాయిలులో కడిగి, కుడి కప్పును గొట్టంలోనే గుడ్డతో శుభ్రంగా తుడిచి, టార్చి వేసి చూడాలి. గోళీలు తిరిగే దారి నున్నగా, మెరుస్తూ ఉంటే మంచిదే. గోరు పెట్టి గీస్తే తగిలే చిన్న గుంటలుంటే ఆ భాగం మార్చాలి. ఎంత గ్రీజు పెట్టినా గుంట పూడదు. గోళీలు బాగున్నట్లు కనిపించినా అన్నీ మార్చడమే మంచిది. పాతవీ కొత్తవీ కలిపితే కాస్త పెద్దగా ఉన్నవాటి మీదనే బరువంతా పడుతుంది. ఇరుసు మార్చవలసివస్తే పాతదాన్ని చేత పట్టుకొనే షాపుకు వెళ్ళాలి. పొడుగులో కొద్ది తేడా వచ్చినా చైను వంకరగా నడుస్తుంది, లేదా క్రాంకు ఫ్రేముకు తగులుతుంది. ఇంగ్లీషు పద్ధతి గొట్టం వెడల్పు సామాన్యంగా 68 మిల్లీమీటర్లు, మర అడ్డం 1.37 అంగుళం, అంగుళానికి 24 చుట్లు. అయినా అంకెలకంటె పాత సామానే మంచి కొలత.

కుడి కప్పులోనే గుంటలుంటే దానిని మార్చక తప్పదు. అప్పుడు కుడి ప్రక్కనుంచి చూస్తూ గడియారపు ముల్లు తిరిగే వైపే త్రిప్పి విప్పాలి, ఎదురు వైపు త్రిప్పి బిగించాలి. దాని అంచుకు సరిగా పట్టే పానా లేకపోతే ఈ ఒక్క పని మిస్త్రీకే వదలివేయడం మంచిది.

కూర్చడం

సైకిలును కుడి ప్రక్కకు పడుకోబెట్టండి. ఎడమ రంధ్రంలోనుంచి వేలితో కుడి కప్పులో గ్రీజు నిండుగా పూసి, పదకొండు గోళీలను ఒక్కొక్కటిగా ఆ గ్రీజులో అద్దాలి. గ్రీజే వాటిని పట్టి ఉంచుతుంది. పదకొండు వేసిన తరువాత కొంచెం సందు మిగలడం సహజం. దానిని పూడ్చడానికి పన్నెండవది ఇరికించరాదు. కొన్నిటిలో గోళీలు రేకు చట్రంలో ఉంటాయి. అప్పుడు లెక్క తక్కువగా ఉంటుంది, చట్రం పాతది ఎటు తిరిగి ఉన్నదో అటే పెట్టాలి. ఫోటో అక్కరకు వచ్చేది ఇక్కడే. తరువాత ఇరుసును పొడుగు కొస ముందుగా మెల్లగా దింపాలి.

ఎడమ కప్పులోను గ్రీజు, పదకొండు గోళీలు పెట్టి, కప్పును గొట్టం మీద ఉంచి ముందు కొంచెం వెనుకకు త్రిప్పండి. మర మొదలు దొరికినప్పుడు చేతికి చిన్న దిగుడు తెలుస్తుంది. అప్పుడు ముందుకు త్రిప్పాలి. కనీసం మూడు చుట్లు వేళ్ళతోనే పోవాలి. బిగువుగా అనిపిస్తే పానా తీయకండి, కప్పును తీసి మళ్ళీ మొదలు పెట్టండి. మర అడ్డంగా ఎక్కితే కప్పుతో పోదు, ఫ్రేమే చెడుతుంది.

కప్పు గోళీలకు తగిలి ఆగిన చోటనుంచి ఒక వెంట్రుకవాసి వెనుకకు తీసి, దానిని అక్కడే పట్టుకొని లాక్ రింగు బిగించాలి. రింగుతోపాటు కప్పు కూడ తిరగాలని చూస్తుంది. అందుచేత బిగించిన తరువాత మళ్ళీ పరీక్షించాలి. ఇరుసును వేళ్ళతో త్రిప్పితే గరగరలేకుండా తిరగాలి. ప్రక్కకు ఊపితే ఊగరాదు. గట్టిగా ఉంటే కప్పు కొంచెం వదులు, ఊగితే కొంచెం బిగువు. మాకు ఇది కుదరడానికి ఆరుసార్లు పట్టింది. మిస్త్రీ గారు ప్రక్కన బీడీ కాలుస్తూ, "తొందరేముంది బాబూ, ఇది ఆఫీసు కాదు గదా" అన్నారు.

కాటరు పిన్నులు

చివరిదైనా ప్రాణానికి సంబంధించినది ఇదే. రెండు పిన్నులూ ఒకదానికొకటి ఎదురు దిక్కులలో ఉండాలి. క్రాంకులను నేలకు సమంగా ఉంచి చూస్తే ఒక నట్టు పైకి, మరొకటి క్రిందికి ఉండాలి. అలా లేకపోతే పెడళ్ళు రెండూ ఒక వరుసలోకి రావు. పిన్ను చదును ముఖం ఇరుసు మీది చదును గాడికి ఆనాలి. మళ్ళీ గొట్టం ముక్క ఆనింపు పెట్టి, ఈసారి నట్టు వచ్చే కొసను దాని బొందలోకి దింపి, పిన్ను తల మీద సుత్తితో రెండు మూడు గట్టి దెబ్బలు వేసి కూర్చోబెట్టాలి. ఆ తరువాతనే నట్టు. నట్టు బలంతో పిన్నును లోపలికి లాగాలనుకోవడమే మేము చేసిన తప్పు. పిన్నును కూర్చోబెట్టేది సుత్తి. నట్టు దానిని జారకుండా కాపలా కాస్తుంది, అంతే.

మరొక సంగతి. పది కిలోమీటర్లు తొక్కిన తరువాత పిన్ను కొంచెం సర్దుకొంటుంది. అప్పుడు ఆనింపు పెట్టి ఇంకొక దెబ్బ వేసి, నట్టు మళ్ళీ బిగించాలి. ఇది చేయకపోతే చేసిన పనంతా వృథా. ఆ పది కిలోమీటర్లు ఇంటి చుట్టుప్రక్కల పెద్దవారే తొక్కాలని మా అభిప్రాయం.

కొత్త సైకిళ్ళ మాట

ఈనాటి గేరు సైకిళ్ళలో చాలావాటికి కాటరు పిన్నులుండవు. ఇరుసు కొసలు నలుపలకలుగా ఉండి క్రాంకు బోల్టుతో బిగుస్తుంది. గోళీలు, ఇరుసు అన్నీ ఒకే మూసిన డబ్బాగా వస్తాయి. దీనిని విప్పి గోళీలు మార్చడం ఉండదు, పాడైతే డబ్బానే మార్చాలి. బోల్టు పూర్తిగా తీసిన తరువాతనే క్రాంకు లాగే పనిముట్టును మరలోకి నిండా ఎక్కించాలి. సగం ఎక్కించి లాగితే క్రాంకు మర ఊడి వస్తుంది. డబ్బా త్రిప్పడానికి పండ్లున్న ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. గొట్టం మరలను శుభ్రం చేసి, గ్రీజు పూసి బిగించాలి. ఇంగ్లీషు పద్ధతిలో ఇక్కడ కూడ కుడి ప్రక్క ఉల్టా మరే. ఎంత మారినా అది మాత్రం మారలేదు.

చివరగా

అమ్మాయి కాలు బాగైన తరువాత సైకిలు మళ్ళీ తొక్కుతుందని మేము అనుకోలేదు. ఆమె అడిగినది వేరు. "మీరు విప్పండి నాన్నా, నేను బిగిస్తాను" అన్నది. ఒక ఆదివారం వసారాలో ఆమె గోళీలు లెక్క పెట్టింది, కప్పు సరిచూచింది, కాటరు పిన్ను మీద సుత్తి దెబ్బ కూడ తానే వేసింది. మేము గొట్టం ముక్కను పట్టుకొన్నాము. మొదటి పది కిలోమీటర్లు మేము తొక్కాము. మోకాళ్ళు నొప్పులు పుట్టాయి గాని చప్పుడు రాలేదు.

ఏటేటా వానలు వెళ్ళిన తరువాత ఇప్పుడు మా ఇంట ఈ పని జరుగుతున్నది. చేతనైన పని ఇంట్లో చేసుకోవడం మంచిదే. అయితే చేతనవడానికి ముందు ఒక్క పూట చేతనైనవారి ప్రక్కన కూర్చోవడం అంతకంటె మంచిది. ఆ పూట మిస్త్రీకి ఇచ్చే డబ్బులు ఖర్చు క్రింద వ్రాయకండి. తొక్కే పిల్ల "చప్పుడు వస్తోంది" అంటే పేపరు ప్రక్కన పెట్టి, ముందు లేచి క్రాంకు ఊపి చూడండి.